పది లెక్కపెట్టేదాకా వెలుగు

ఏ పిట్టను చూద్దామన్నా ఆ పిట్టే మాయమైపోతోంది.

తప్పు పిట్టల్ని దగ్గరగా చూపే స్కోపుదే అనుకున్నాడు గింబున్ మొదట. సోమవారం ఉదయం. పొగమంచు ఇంకా చెట్ల మొదళ్ళ దగ్గరే తచ్చాడుతోంది. స్కోపులో కొమ్మ కనిపిస్తోంది, కొమ్మ మీది నాచు కనిపిస్తోంది, నాచు చివర వేలాడుతున్న నీటిబొట్టు కూడా కనిపిస్తోంది. రెండు నాచుగుత్తుల మధ్య ఎర్రపొట్ట పిట్ట కూర్చుని ఉండాలి. అది ఉండాల్సిన చోట తడివేలితో రుద్దినట్టు బూడిదరంగు మరక. చొక్కా అంచుతో కటకం తుడిచాడు. మరక పోలేదు. ఎవరూ గమనించకుండా, తనకు అలవాటు లేని ఎడమకన్ను ఆనించాడు. పిట్ట అక్కడే ఉంది. మెడ తిప్పి తనవైపే చూస్తోంది.

వెనక నిలబడ్డ భార్యాభర్తలకు చోటిచ్చి పక్కకు జరిగాడు. వాళ్ళు ఒకరి తరవాత ఒకరు వంగి చూశారు. ఇంత మంచులో ఎలా కనిపెట్టావు, నీ కళ్ళు గొప్పవి అన్నారు. గింబున్ తల ఊపి, స్కోపు కాళ్ళు మడిచి భుజాన వేసుకున్నాడు. ఆ పిట్టను అతను కళ్ళతో కనిపెట్టలేదు. దాని కూత విని, కూర్చునే కొమ్మ తెలిసి, స్కోపు అటు తిప్పాడు. ఆ సంగతి వాళ్ళతో చెప్పలేదు.

కుందసాంగ్ కొండ మీద పిట్టలు చూపించి బతికే గైడ్లు ఏడుగురు. నలభై ఎనిమిదేళ్ళ గింబున్ వాళ్ళలో అందరికంటే పెద్దవాడేమీ కాదు. అయినా ఎవరికైనా పిట్ట దొరక్కపోతే గింబున్ కుడికన్నును పిలవండి అనడం అందరికీ అలవాటు. వాళ్ళ నాన్న క్యాబేజీ పండించేవాడు. గింబున్ మాత్రం కొండ ఎక్కేవాళ్ళ మూటలు మోయడానికి వెళ్ళాడు. వీపున మూట ఉన్నవాడు నేల చూసి నడవాలి. ఇతను చెట్లలోకి చూస్తూ నడిచి రెండుసార్లు మూటతో సహా జారిపడ్డాడు. రెండోసారి పడినప్పుడు సువాలిం అనే ముసలి గైడు చూసి, నీకు మూటలు అచ్చిరావు, నాతో రా అని తీసుకుపోయాడు. ఇదంతా జరిగి పాతికేళ్ళు. సువాలిం పోయి తొమ్మిదేళ్ళు.

సువాలిం నేర్పిన దాంట్లో సగం పిట్టల పని, సగం పెన్ను పని.

అడవి లోపల పట్టపగలే మసకగా ఉంటుంది. ఎడమవైపు మూడో చెట్టు, రెండో కొమ్మ, పండుటాకు వెనక అని ఎంత వివరంగా చెప్పినా కొత్తవాళ్ళకు ఆ మూడో చెట్టే దొరకదు. అందుకని గైడ్ల జేబుల్లో ఆకుపచ్చ లేజర్ పెన్ను ఉంటుంది. నొక్కితే యాభై గజాల అవతల చెట్టు మీద పచ్చటి చుక్క పడుతుంది. ఆ చుక్కను పిట్ట మీద వెయ్యకూడదు. పిట్టకు మూరెడు కింద, చెట్టు మాను మీద వేసి, అక్కడి నుంచి చూపును పైకి నడిపించాలి. మనుషుల ముఖాల వైపు తిప్పకూడదు. ఆకాశం వైపు ఎత్తకూడదు. వీటన్నిటి కంటే ముఖ్యమని సువాలిం చెప్పింది ఇంకొకటి ఉంది: నొక్కిన దగ్గర్నించి పది లెక్కపెట్టేలోగా వదిలెయ్యాలి, వెలిగినంత సేపుకు మూడింతలు చల్లారనివ్వాలి. పెన్ను లోపల చిన్న గాజుపలుకు ఉంటుందట. అది వేడెక్కితే వెలుగు చెడిపోతుందట. అంతకుమించి సువాలింకీ తెలియదు.

వాళ్ళు తమ దుసూన్ భాషలోనే లెక్కపెట్టేవాళ్ళు. ఇసో, దువో, తోలు అంటూ పదో అంకె హొపొద్ దగ్గర వేలు ఎత్తేసేవాళ్ళు. పెదాలు కదుపుతూ వెలుగు చూపించే గైడును చూసి ఇదేమైనా ప్రార్థనా అని ఒకావిడ అడిగింది. అవునమ్మా, అడవిదేవుడి పేరు హొపొద్, పది వేళ్ళుంటాయి అని కిమిన్ చెప్పాడు. ఆవిడ పుస్తకంలో రాసుకుంది. కిమిన్ గింబున్‌తో పాటే మూటలు మోసి, అతనితో పాటే గైడయినవాడు. అతని నోటికి తాళం లేదు.

అయితే ఆ పది లెక్క కొండ మీద నిలవలేదు. ఇక్కడి చలికి పెన్ను వేడెక్కేదే కాదు. ఇరవై లెక్కపెట్టినా ఏమీ అయ్యేది కాదు, నలభై పెట్టినా అయ్యేది కాదు. అసలు తెల్లవారుజామున చిక్కు ఇంకో రకంగా వచ్చేది. చలికి బిగుసుకుపోయిన పెన్ను నొక్కితే చుక్క వెలవెలపోతూ పడేది. అప్పుడు దాన్ని చంకలో పెట్టుకుని కాసేపు వెచ్చబెడితే మళ్ళీ పుంజుకునేది. సువాలిం పోయాక కొత్త గైడ్లకు పని నేర్పింది గింబున్. అతను వాళ్ళకు చెప్పింది కూడా అదే. వెలుగు తగ్గిందంటే చలి పట్టిందని అర్థం, చంకలో పెట్టు. పది లెక్క ముసలాయన చాదస్తం, యాభైదాకా పర్వాలేదు.

పోయిన ఏడాది పాత రకం పెన్నులు దొరక్కుండా పోయాయి. గింబున్ పట్నంలో ఆదివారం సంతకు వెళ్ళి, ఒక దుకాణంలో చవగ్గా ఉన్నాయని అందరికీ కలిపి ఏడు తెచ్చాడు. పాతవాటి కంటే ఇవి జోరుగా వెలిగేవి. గింబున్ ఏది తెచ్చినా మంచిదే తెస్తాడని ఏడుగురూ జేబుల్లో పెట్టుకున్నారు.

ఆ సోమవారం సాయంత్రం అడవి గేటు దగ్గర కిమిన్ ఎదురుపడ్డాడు.

"ఏరా, కన్ను అలా చికిలిస్తున్నావు? పట్నంలో ఎవర్నైనా చూసొచ్చావా?" అన్నాడు.

"దుమ్ము పడింది."

"ఈ వానల్లో దుమ్మెక్కడిదిరా?"

గింబున్ నవ్వి ముందుకు నడిచాడు. ఇంటికి పోతూ దారి పొడుగునా ఒక్కో దాన్నీ కుడికంటితో చూశాడు. దీపస్తంభం వైపు చూస్తే దీపం లేదు, స్తంభం ఉంది. ఎదురొచ్చే మనిషి వైపు చూస్తే భుజాలున్నాయి, ముఖం లేదు. రోడ్డు పక్క కూరగాయల కొట్లో భార్య తాంబియా క్యాబేజీ పైరేకులు ఒలుస్తోంది. చాలాసేపు ఆమెవైపే చూస్తూ నిలబడ్డాడు. ఏమయ్యా, పెళ్ళిచూపులా అంది తాంబియా తలెత్తకుండానే. అతను ఎడమకన్ను తెరిచాడు. ఆమె ముఖం దాని చోటికి వచ్చింది.

ఎక్కడ జరిగిందో అతనికి ఆ రాత్రే తెలిసింది. తెలియనట్టు ఉండటానికి ఇంకో రెండు రోజులు ప్రయత్నించాడు.

అంతకు ముందు గురువారం పట్నంలోని టూర్ కంపెనీ తరఫున ఎనిమిది మందిని తీసుకుని దిగువకు, కినబతాంగన్ నదికి వెళ్ళాడు. ఏటా ఇలాంటి ప్రయాణాలు నాలుగైదు ఉంటాయి. ఇంటిల్లిపాదీ వాటి మీదే సగం బతుకుతారు. కొండ గైడుకు నది అడవి ఓ పొయ్యి లాంటిది. గాలి ఉండదు, చొక్కా పొద్దుటే ఒంటికి అతుక్కుపోతుంది. ఆ గుంపులో ఇషిదా అని డెబ్బై తొమ్మిదేళ్ళ జపాన్ ఆయన ఉన్నాడు. రిటైరైన బడిపంతులు. కప్పనోటి పిట్టను చూడాలని ఇంతకు ముందు నాలుగుసార్లు వచ్చాడు. నాలుగుసార్లూ చూడకుండానే వెళ్ళాడు. ఇక ప్రయాణాలు చెయ్యొద్దన్నారు డాక్టర్లు, ఇదే ఆఖరు అని పడవెక్కేటప్పుడు నెమ్మదిగా చెప్పాడు.

కప్పనోటి పిట్ట పగలంతా కదలదు. ముక్కు పైకెత్తి, కళ్ళు మూసి, విరిగిన కొమ్మలా కూర్చుంటుంది. మిట్టమధ్యాహ్నం వాగు మలుపులో గింబున్ దాన్ని కనిపెట్టాడు. పడవవాడు కొమ్మ పట్టుకుని పడవ ఆపాడు. ఊగే పడవలో స్కోపు పనికిరాదు. ఇక పెన్నే దిక్కు. మాను మీద చుక్క వేశాడు. ఏడుగురికి పిట్ట కనిపించింది. ఇషిదాకు కనిపించలేదు. మళ్ళీ వేశాడు. ఎక్కడ, ఎక్కడ అంటున్నాడు ఆయన. గింబున్ వేలు ఎత్తలేదు. చుక్కను మాను వెంట పైకి, కొమ్మ వెంట పక్కకు, మళ్ళీ మొదటికి నడిపిస్తూనే ఉన్నాడు. లెక్క పెట్టడం ఎప్పుడో మానేశాడు.

ఆ ఎండలో పెన్ను అరచేతిలో కాలుతున్నట్టే ఉంది. అది ఎండ వేడి అనుకున్నాడు. కాసేపటికి చుక్క వెలవెలబోయింది. అది చూసి అతని చెయ్యి ఇన్నేళ్ళూ చేసిన పనే చేసింది. పెన్నును చంకలో పెట్టుకుంది. అంత ఉక్కలో చంకలో పెన్ను పెట్టుకున్న మనిషిని చూసి పడవవాడు నవ్వాడు. తీసి నొక్కితే వెలుగు ఇంకా తగ్గింది. కొండ మీద వెచ్చబెట్టినా తీరకపోతే అప్పుడు వెలుగు వచ్చే మూతి మీద మంచుబొట్టు ఉందని అర్థం. పాత పెన్నుతో ఎన్నిసార్లో చేసినట్టే చొక్కా అంచుతో మూతి తుడిచి, జానెడు దూరంలో కుడికంటి ముందు పెట్టుకుని, బొట్టు పోయిందా అని చూశాడు. నొక్కిన వేలు తియ్యలేదు. తియ్యాలని తోచలేదు కూడా. మూతి లోపల మిణుగురు పాటి పచ్చదనం మాత్రమే ఉంది. అంత వెలుగు ఏం చేస్తుంది? నేరుగా కూడా కాదు, కాస్త ఓరగానే అనుకున్నాడు. నాలుగు ఊపిరుల సేపు చూశాడు. మంట లేదు, నొప్పి లేదు, కన్ను చెమర్చలేదు.

ఇంకో పెన్ను ఏదీ లేకపోవడంతో చివరికి ఇషిదా గడ్డం పట్టుకుని, తల తిప్పి, చెంప పక్కన తన చెయ్యి చాచి చూపించాడు. అప్పుడు కనిపించింది ఆయనకు. బైనాక్యులర్ దించి గింబున్ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

గురువారం జరిగింది అది.

బుధవారం పొద్దున్నే, ఎరువులు తేవాలని ఇంట్లో చెప్పి, పట్నం బస్సెక్కాడు గింబున్. ఆసుపత్రిలో కళ్ళ డాక్టరమ్మ చిన్నవయసుది. గళ్ళ కాగితం ఒకటి చేతికిచ్చి, ఎడమకన్ను మూసి మధ్య చుక్క చూడమంది. మధ్యలో చుక్క లేదు. చుట్టూ ఉన్న గీతలు తడిసిన చాపలా వంగిపోయి ఉన్నాయి. అతను పెన్సిలుతో ఆ వంకర ఎక్కడిదాకా ఉందో గీశాడు. వెల్డింగ్ పని చేస్తారా, గ్రహణం చూశారా అని అడిగింది. లేదన్నాడు. ఇంకేమైనా అని అడిగింది. గింబున్ జేబులోంచి పెన్ను తీసి బల్ల మీద పెట్టాడు.

డాక్టరమ్మ దాన్ని ముట్టుకోకుండా చూసింది. జరిగింది చెప్పించుకుంది. తరవాత నెమ్మదిగా వివరించింది. ఈ పెన్నులో మొదట పుట్టేది కంటికి కనిపించని వెలుగు. లోపలి గాజుపలుకు దాన్ని పచ్చగా మారుస్తుంది. పలుకు వేడెక్కితే సరిగ్గా మార్చలేదు, పచ్చదనం తగ్గిపోతుంది. కనిపించని వెలుగు మాత్రం పుడుతూనే ఉంటుంది. మంచి పెన్నుల్లో దాన్ని బయటికి పోనివ్వని అద్దం ఒకటి పెడతారు. చవకవాటిలో ఒక్కోసారి అది పెట్టరు.

"పచ్చగా జోరుగా ఉంటే మీ రెప్ప దానంతటదే మూసుకునేదండీ. కనిపించని దానికి రెప్ప పడదు కదా," అంది.

తగ్గుతుందా అని అడిగాడు. ఆరు నెలల్లో కాస్త తగ్గవచ్చు, తగ్గకపోవచ్చు, మందు లేదు అంది. ఏదైనా చూడాలంటే దాని మీదే కాకుండా కొంచెం పక్కకు చూడటం అలవాటు చేసుకోమంది. ఆ పక్కచూపులో కంటిలో పాడవని భాగం పనిచేస్తుంది. చూస్తానండీ అని లేచాడు. గుమ్మం దాకా పోయాక ఆవిడ పిలిచింది.

"ఈ పెన్ను ఇంకెవరి దగ్గరైనా ఉందా?"

"లేదమ్మా," అన్నాడు గింబున్.

బస్సు కొండ ఎక్కుతుంటే ఆ మాటే మళ్ళీ గుర్తొచ్చింది. ఆరుగురి దగ్గర ఉన్నాయి. కానీ వాళ్ళు కొండ మీద ఉంటారు. కొండ మీద చలి. చలిలో పెన్ను వేడెక్కదు. చెప్పకపోయినా ఎవరికీ ఏమీ కాదు. చెబితే మాత్రం పట్నంలో కంపెనీకి రేపటికల్లా తెలుస్తుంది. కన్ను పోయిన గైడుకు గుంపులెవరిస్తారు? వినికిడి ఉంది, అడవి తెలుసు, ఎడమకన్ను ఉంది. ఆరు నెలలు ఎలాగోలా లాక్కొస్తే ఎవరికీ తెలియకుండానే గడిచిపోవచ్చు. బస్సు దిగేసరికి తనకు తాను బాగానే నచ్చజెప్పుకున్నాడు.

ఇంట్లో అడుగుపెట్టేసరికి అరుగు మీద లోయ్‌నా కూర్చుని ఉంది. తాంబియా అక్క కూతురు, ఇరవై ఎనిమిదేళ్ళది, ఏడుగురిలో ఆఖరి గైడు. పని నేర్పింది గింబునే. పిన్ని పెట్టిన బంబంగాన్ అనే అడవిమామిడి ఊరగాయతో అన్నం తింటూ, మొహం వెలిగిపోతూ చెప్పింది. కంపెనీ వాళ్ళు ఫోన్ చేశారట. శనివారం నది ప్రయాణం తనకిచ్చారట. మొదటిసారి. ఆరుగురి గుంపు. కప్పనోటి పిట్ట కూడా జాబితాలో ఉందట, అది ఏ మలుపులో ఉందో బాబాయే చెప్పాలట.

గింబున్ చెప్పులు విడుస్తూ అలాగే వంగి ఉండిపోయాడు.

మలుపు చెప్పాడు. కొమ్మ చెప్పాడు. ఆ తరవాత, మాటల మధ్యలో అన్నట్టు, నీ పెన్ను ఓసారి ఇటివ్వు, నాది పాడైంది, వారం తరవాత ఇస్తాను అన్నాడు.

"భలే చెప్పావు బాబాయ్. పడవలో స్కోపు పనికిరాదు, పెన్ను లేకపోతే వాళ్ళకు నా ముఖం చూపించాలా?" అంది లోయ్‌నా.

పోనీ పది కంటే ఎక్కువ లెక్కపెట్టకు అన్నాడు. లోయ్‌నా నవ్వింది.

"పది ముసలాయన చాదస్తమని చెప్పింది నువ్వు కాదూ? యాభై దాకా పర్వాలేదన్నావు. వెలుగు తగ్గితే చంకలో పెట్టమన్నావు. నాకన్నీ గుర్తే."

"కింద ఎండ ఎక్కువ," అన్నాడు.

"అయితే ఇంకా మంచిది. చంక దాకా పోనక్కర్లేదు."

తాంబియా కూడా నవ్వింది. ఈయనకు వయసు మీదపడుతోంది, మొన్న నన్నే పోల్చుకోలేకపోయాడు అంది. గింబున్ బయటికి వచ్చి రాళ్ళగోడ మీద కూర్చున్నాడు. లోయలో క్యాబేజీ మళ్ళ మీద మంచు దిగుతోంది. కుడికంటితో చూస్తే లోయ నడుమ ఒక మడి మాయమవుతోంది.

ఆ రాత్రి తాంబియాకు చెప్పాడు. ఆమె లేచి దీపం వేసి, అతని గడ్డం పట్టుకుని కంట్లోకి చూసింది. పైకి ఏమీ లేదు. నల్లగుడ్డు ఎప్పటిలాగే ఉంది.

"ఈ కంటికి నేను కనిపించట్లేదా?" అంది.

"పక్కకు చూస్తే కనిపిస్తున్నావు."

ఆమె దీపం ఆర్పేసింది. చీకట్లో ఒక మాటే అంది. "లోయ్‌నాకు పెళ్ళి కూడా కాలేదయ్యా." కంపెనీ గురించి గాని, నది ప్రయాణాల గురించి గాని ఏమీ అనలేదు. అనకపోవడం గింబున్‌కు వినబడింది.

శుక్రవారం పొద్దున ఏడుగురూ గేటు దగ్గర కలిశారు. ఏ దారిలో ఎవరు వెళ్ళాలో పంచుకోవడానికి రోజూ కలుస్తారు. కాఫీ గ్లాసుల చుట్టూ చేతులు కాచుకుంటున్నారు. ఇద్దరు అలవాటుగా పెన్నులు చంకలో పెట్టుకుని ఉన్నారు. గింబున్ ఒక ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని వచ్చాడు. తన పెన్ను అందులో వేసి, డబ్బా బల్ల మీద పెట్టి, మీవి కూడా వెయ్యండి అన్నాడు.

"దేనికిరా? లాటరీ తీస్తావా?" అన్నాడు కిమిన్.

గింబున్ చెప్పడం మొదలుపెట్టాడు. ఎలా చెప్పాలో రాత్రంతా అనుకున్న వరస నోటికి రాలేదు. చివరి మాట ముందొచ్చింది.

"నా కుడికన్ను పోయింది," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. కిమిన్ ఒక్కడు నవ్వబోయి, గింబున్ ముఖం చూసి, గ్లాసు కింద పెట్టాడు. పడవ, ఇషిదా, చంక, మూతి, గళ్ళ కాగితం అన్నీ చెప్పాడు. కనిపించని వెలుగు సంగతి డాక్టరమ్మ చెప్పినట్టే చెప్పాడు. ఇక్కడ వెలుగు తగ్గితే అది చలి, కింద తగ్గితే అది వేడి, రెండూ చూడటానికి ఒక్కలాగే ఉంటాయి, ఆ తేడా నేను మీకు చెప్పలేదు, నాకే తెలియదు అన్నాడు. పది లెక్కను ఎగతాళి చేసింది నేనే అన్నాడు. పెన్నులు తెచ్చిందీ నేనే.

కిమిన్ గింబున్ దగ్గరికి వచ్చి, నాలుగు అడుగుల దూరంలో నిలబడి, ఎడమకన్ను మూసుకోమని మూడు వేళ్ళు చూపించాడు.

"ఎన్ని?"

"మూడు. పక్కకు చూసి చెబుతున్నా."

"సరిగ్గా చూసి చెప్పు."

"సరిగ్గా చూస్తే నీ చెయ్యి లేదురా."

కిమిన్ చెయ్యి దించాడు. జేబులోంచి పెన్ను తీసి డబ్బాలో వేశాడు. మిగిలినవాళ్ళు వేశారు. ఒకతను కోపంగానే వేశాడు. ఏడాదిగా మా పిల్లలు దీంతో గోడ మీద చుక్కలేసి పిల్లిని ఆడిస్తున్నారు, ముందే చెప్పాల్సింది అన్నాడు. తెలిసి నాలుగు రోజులైంది కదా అన్నాడు. గింబున్ అవునన్నాడు.

లోయ్‌నా మాత్రం పెన్ను తియ్యలేదు. బల్లకు ఆ చివర నిలబడి, గ్లాసు వైపే చూస్తోంది.

"మొన్న అరుగు మీద నాకెందుకు చెప్పలేదు బాబాయ్?" అంది.

గింబున్ డబ్బాను ఆమె వైపు జరిపాడు.

"ఇది వినకుండానే నేను నదికి వెళ్ళిపోయి ఉంటే?"

"అందుకే ఇవాళ వచ్చాను," అన్నాడు. అది పూర్తి నిజం కాదని ఇద్దరికీ తెలుసు. ఆమె పెన్ను డబ్బాలో వేసింది. చిన్నగా టక్ మని చప్పుడైంది.

సువాలిం వాడిన పెన్ను ఒకటి అతని భార్య దగ్గర ఉండాలని కిమిన్‌కు గుర్తొచ్చింది. తొమ్మిదేళ్ళుగా ముసలావిడ దాన్ని బియ్యం డబ్బాలో దాచి ఉంచింది. కొత్త సెల్లులు వేస్తే వెలిగింది. జోరు లేదు. దాన్ని లోయ్‌నాకు ఇచ్చారు. గింబున్ దాని మీద గుర్తుగా నల్ల టేపు చుట్టి, జేబులో పెట్టుకోవద్దని, సంచిలో నీడన ఉంచమని, చేతికి వెచ్చగా తగిలితే చల్లబడేదాకా ముట్టుకోవద్దని, మూతి వైపు ఎవరూ ఎప్పుడూ చూడకూడదని చెప్పాడు. తడి తుడవాలంటే సెల్లులు తీసేశాకే. లోయ్‌నా ఈసారి నవ్వకుండా వింది. వెలుగు తగ్గితే ఏం చెయ్యాలి అని అడిగాడు, బడిపిల్లను అడిగినట్టు. ఆపెయ్యాలి అంది.

ఆ మధ్యాహ్నమే కంపెనీ నుంచి గింబున్‌కు ఫోన్ వచ్చింది. ఎవరు చెప్పారో అతను అడగలేదు. విన్నామండీ, చాలా బాధగా ఉంది, విశ్రాంతి తీసుకోండి, వచ్చే నెల రెండు గుంపులూ వేరేవాళ్ళకు సర్దుతాం అన్నారు. మర్యాదగానే మాట్లాడారు. తగ్గాక చెప్పండి అన్నారు. తగ్గకపోతే అన్న మాట వాళ్ళూ అనలేదు, ఇతనూ అనలేదు.

డబ్బాలోని ఏడు పెన్నులనూ ఏం చెయ్యాలో మొదట తోచలేదు. చెత్తలో వేస్తే ఏ పిల్లలో ఏరుకుంటారు. సెల్లులు తీసి, ఒక్కోదాన్నీ రాతి మీద పెట్టి సుత్తితో కొట్టాడు. ఒకదాని లోపల గాజుపలుకు కనిపిస్తుందేమోనని వెతికాడు. బియ్యపు నూక అంత మెరుపు ఏదో రాలింది. దాన్ని వేలికొసతో ఎత్తి, అలవాటుగా ఎడమకన్ను మూసి చూడబోయాడు. నేరుగా చూస్తే వేలు లేదు. తల కాస్త తిప్పేసరికి అది గాలికి ఎగిరిపోయింది.

ఆదివారం సాయంత్రం కొట్లో క్యాబేజీలు ఒలుస్తున్నాడు. పిట్టల పని లేని రోజుల్లో కొట్లో కూర్చోవడం అతనికి పెళ్ళయిన కొత్తలో తప్ప అలవాటు లేదు. రేకులు మరీ లోతుగా ఒలుస్తున్నావని తాంబియా రెండుసార్లు అంది. రోడ్డవతల తీగ మీద పిట్ట ఏదో వాలింది. కూత విని అదేమిటో తెలుసుకున్నాడు. చూడటానికి మాత్రం ప్రయత్నించలేదు.

లోయ్‌నా ఫోన్ చేసింది. వెనక పడవ ఇంజను చప్పుడు.

"దొరికింది బాబాయ్. నువ్వు చెప్పిన కొమ్మే."

"అందరూ చూశారా?"

"నలుగురు చూశారు. ఇద్దరికి కనిపించలేదు. ఇంకోసారి, ఇంకోసారి అని అడుగుతూనే ఉన్నారు. పెన్ను వెచ్చబడింది, ఆపేశాను. చల్లబడేలోపు పడవ కొమ్మకు తగిలి, పిట్ట బెదిరి ఎగిరిపోయింది. వాళ్ళిద్దరికీ చాలా కోపంగా ఉంది. కంపెనీకి రాస్తారట."

గింబున్ చేతిలోని క్యాబేజీ కింద పెట్టాడు. ఆ ఇద్దరి ముఖాలూ అతను ఊహించుకోగలడు. వాళ్ళ కోసం వేలు ఎత్తకుండా ఉండటం ఎంత తేలికో కూడా తెలుసు.

"ఎంతదాకా లెక్కపెట్టావు?" అని అడిగాడు.

"పది. ప్రతిసారీ పదే." ఇంజను చప్పుడులో ఆమె గొంతు తగ్గింది. "ఒక్కసారి మాత్రం పన్నెండు అయింది. ఆ ఇద్దరిలో పెద్దావిడ ఏడుస్తుంటే."

తాంబియా ఒలవడం ఆపి ఇటు చూస్తోంది.

"ఆ రెండు కూడా వద్దమ్మా," అన్నాడు గింబున్.

సరే బాబాయ్ అంది లోయ్‌నా. ఫోన్ పెట్టేశాక కూడా అతను దాన్ని చెవి దగ్గరే ఉంచుకుని కాసేపు కూర్చున్నాడు. తరవాత ఇంకో క్యాబేజీ తీసుకున్నాడు.